దుంకుడు గొర్రెల కాపరి

పోయిన నెల, ఈ అరబ్బు దేశంలో నేనిప్పుడు పనిచేసే రైసూత్‌లో, మా ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న చాయ్ దుకాణంలో కూర్చున్నాం. మలయాళీ సేటు టీవీలో ఏదో జంతువుల చానెల్ పెట్టి శబ్దం తగ్గించాడు. తెర మీద ఎర్రమట్టి నేల, ఎండిపోయిన గడ్డి, ఒక పొద నీడలో పెద్ద కంగారూ. అది తన ముంజేతులను అదే పనిగా నాకుతోంది. "దెబ్బ తగిలినట్టుందే పాపం" అన్నాడు మా రూమ్‌లో ఉండే కడప తమ్ముడు. నేను చాయ్ గ్లాసు దించకుండానే, "దెబ్బ గాదు, పాడు గాదు. ఎండ గుంజుతాంది గద, సల్లబడనీకి చేతులు తడుపుకుంటాంది" అన్నాను.

అన్నాక నాకే నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు. అంత చిక్కటి యాస కూడా నాది కాదు. నేను నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతూ నా యాసను కాస్త పలచన చేసుకున్నవాణ్ణి. ఆ మాట ఇదే దేశంలో, సమాయిల్‌లో నాతో మూడేళ్లు పనిచేసిన ఒక కురుమాయనది. జగిత్యాల దిక్కు మనిషి, గొర్రెల కాపరి. ఆ సాయంత్రమంతా ఆయనే గుర్తొచ్చాడు. గుర్తొచ్చినప్పుడల్లా నవ్వు, దాని వెనకే కొంచెం సిగ్గు.

పేరు రాయను. పేర్లంటే ఆయనకు పెద్ద పట్టింపు లేదు కూడా. మనుషుల పేర్లు చెప్పిన రోజే మరిచిపోయేవాడు. నన్ను మూడేళ్లూ 'డిగ్రీ సారూ' అనే పిలిచాడు. నేను కాకా అనేవాణ్ణి. యాభై దాటిన వయసు, బక్కపలుచని ఒళ్లు, కంపెనీ ఇచ్చిన నీలం యూనిఫాం మీద తలకు చుట్టిన ఎర్ర రుమాలు. నడుస్తూ ఉన్నట్టుండి ఆగి, ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదాన్ని మోకాలికి ఆనించి ఆలోచించేవాడు. చేతిలో కర్ర లేకపోయినా కర్ర ఉన్నట్టే ఒక పక్కకు వాలేవాడు. ఎట్లా పడిపోకుండా ఉండేవాడో నాకు ఇప్పటికీ తెలియదు.

సమాయిల్‌లో ఖర్జూర తోటల వెనక, వాదీ అనే ఎండువాగు ఒడ్డున మా అర్బాబ్‌కు, అంటే యజమానికి, పెద్ద మజ్రా ఉంది. తోటా పశువులూ కలిసిన ఫారం అది. ముసలి అర్బాబ్‌కు ఒంటెలూ మేకలూ ఉంటే చాలు. ఆయన కొడుకు, మేం ముదీర్ అని పిలిచే మేనేజరు, వింత జంతువుల మోజున్నవాడు. జింకలు తెచ్చాడు, నిప్పుకోళ్లు తెచ్చాడు, చివరికి కంగారూలు తెచ్చాడు. ఒకటి మగది, ఐదు ఆడవి. నేను అక్కడ పికప్ డ్రైవర్ని. ఖత్ అని ఇక్కడ పండించే పచ్చిమేత కట్టలు మోసుకురావడం, తెలుగు, హిందీ, అరబ్బీల మధ్య మాటలు మోయడం నా డ్యూటీ. నేను బీఎస్సీ జువాలజీ అని వీసా కాగితాల్లో ఎక్కడా లేదు గానీ నేనే అందరికీ చెప్పుకున్నాను. ఆ గొప్పే తర్వాత నా మెడకు చుట్టుకుంది.

కాకా ఏప్రిల్ నెలలో దిగాడు. అందరూ ఊరి నుంచి పచ్చళ్లు తెచ్చుకుంటారు, ఈయన నల్ల గొంగడి తెచ్చుకున్నాడు. ఎండకు ఇనుప గేటు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనే చోటికి ఉన్ని గొంగడి. రూమ్‌లో బీహారీలు, బంగ్లా వాళ్లు దాన్ని ముట్టుకుని చూసి పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన ఏమీ అనుకోలేదు. "సలికి గొంగడే, వానకు గొంగడే, ఎండకు సుత గొంగడే. మీకేం ఎరుక" అని దాన్ని మడిచి తలకింద పెట్టుకున్నాడు.

ఏజెంటు ఆయనకు ఫారిన్ గొర్రెలని చెప్పి పంపాడట. మొదటి రోజు కంగారూలను ఒక కంచెలోంచి పక్క కంచెలోకి మార్చాలి. ముప్పై ఏళ్లు మంద తోలిన మనిషి, ఆయనకు ఇదొక పనా? వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. రుమాలు విప్పి గాల్లో తిప్పుతూ "హుర్ర్ర్... ఛో ఛో" అన్నాడు. గొర్రెలు బెదిరితే ఒకదాన్నొకటి రాసుకుని ముద్దవుతాయి. కంగారూలు బెదిరితే దేని దారి దానిది. ఒకటి కంచె దూకి ఖత్ మడిలో పడింది. ఒకటి జింకల్లోకి పోయింది. ఇంకొకటి నీళ్ల ట్యాంకు చుట్టూ తిరుగుతూనే ఉంది. మగది మాత్రం కదలకుండా తోక మీద భారం వేసి, నిటారుగా లేచి, రొమ్ము విరుచుకుని ఈయన ముందు నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కాకా నెమ్మదిగా రుమాలు తలకు చుట్టుకుని, అక్కడే నేల మీద కూలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. "ముప్పై ఏండ్ల సదువు ఒక్క దుంకుల పాయె డిగ్రీ సారూ" అన్నాడు.

ఆ రోజు నుంచి అవి ఆయనకు దుంకుడు గొర్రెలు. తోలడం మానేశాడు. పది రోజులు కంచెలో ఊరికే కూర్చున్నాడు, ముఖం పక్కకు తిప్పుకుని, వాటి కళ్లలోకి చూడకుండా, చేతిలో ఎండుగడ్డి పోచలు పట్టుకుని. కళ్లలోకి చూస్తే కొట్లాటకు పిలిచినట్టు అనుకుంటాయని ఆయనే కనిపెట్టాడు. పదకొండో రోజు ఒక ఆడది వచ్చి రుమాలు వాసన చూసింది. ఇక అక్కణ్ణించి ఆయన ముందు నడిస్తే అవి వెనక వచ్చేవి. ఆ వాసన చూసినదానికి దొరసాని అని పేరు పెట్టాడు. మగదాని పేరు పటేలు.

ఆయన చూపు నాకు పాఠాలు నేర్పింది. ఖత్ పోచ అందుకోవడానికి అన్నీ ఎడమచెయ్యే చాపుతాయని ఆయన చెప్పేదాకా నేను గమనించలేదు. మెల్లగా నడిచేటప్పుడు ముందు చేతులు రెండూ నేలకు ఆనించి, తోకను ఊతగా నొక్కి, వెనక కాళ్లు ముందుకు వేస్తాయి. "గిది తోక గాదు, అయిదో కాలు" అనేవాడు. మధ్యాహ్నం అవి నీడలో మట్టి గీకి, పైన కాగిన మట్టి పక్కకు తోసి, కింది చల్లటి మట్టిలో ఒళ్లు పెట్టుకుని పడుకునేవి. కాకా కూడా పక్కన ఒక గుంట గీక్కుని, గొంగడి నీడ కట్టుకుని పడుకునేవాడు. ఏసీ రూమ్ వదిలిపెట్టి ఇదేం పని అని ముదీర్ అడిగితే, "బాగున్నది" అని మాత్రం అన్నాడు.

వచ్చిన కొన్ని నెలలకు ఒక సాయంత్రం నా పికప్‌కు అడ్డం నిలబడ్డాడు. ముఖం గంభీరంగా ఉంది.

"డిగ్రీ సారూ, ఎవలదో జీవం మన దాంట్ల కలిసింది."

"ఏం జీవం కాకా?"

"దుంకుడు గొర్రె. పొద్దుగాల ఆరు లెక్కవెట్టిన. ఇప్పుడు ఏడున్నయి. పక్క తోటోల్లను అడుగు. పాపం, గాల్లు దేవులాడుతుండచ్చు."

సమాయిల్ మొత్తం వెతికినా పక్క తోటలో కంగారూ ఎవరికి ఉంటుంది? కానీ ఆయన ఊళ్లో మందలు కలిసిపోవడం, పొద్దుగూకాక ఎవరి గొర్రె వాళ్లకు అప్పజెప్పడం మామూలే. ఆ మర్యాద తప్పకూడదని ఆయన ఆరాటం. నన్ను చెయ్యి పట్టుకుని కంచె దగ్గరికి తీసుకుపోయాడు. ఇద్దరం లెక్కపెట్టాం. ఆరు. మళ్లీ లెక్కపెట్టాం. ఏడు. మూడోసారి లెక్కపెడుతుంటే ఒక ఆడదాని పొట్ట దగ్గర సంచిలోంచి చిన్న తల బయటికొచ్చి, రెండు చెవులు ఆడించి, లోపలికి పోయింది. కాపరి లెక్క తలల లెక్క. ఇక్కడ తలలు లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి.

కాకా చాలాసేపు గొంతుక్కూర్చుని చూశాడు. "కడుపుకు అర్ర కట్టుకున్నదేంది సారూ" అన్నాడు చివరికి. అర్ర అంటే ఆయన భాషలో గది. ఆ రోజు నుంచి తలలు మాని తోకలు లెక్కపెట్టాడు.

సాయంత్రం చాయ్ వేళ నా ఫోన్‌లో అడవి కంగారూల వీడియోలు చూపించేవాణ్ణి. ఆస్ట్రేలియా మైదానాల్లో పొద్దువాలుతుంటే గుంపులు గుంపులుగా మేస్తుంటాయి. ఆయన ఫోను ముక్కుకు ఆనించుకుని చూసేవాడు.

"గీటిని ఎవలు మేపుతరు?"

"ఎవలు మేపరు కాకా. అడివియి."

"కాపరి లేకుంటనా?"

"లేకుంటనే."

"మరి ముందు నడిచే పెద్దది?"

"గట్ల ఏముండదు. కలిసి మేస్తయి, బుద్ధైతే ఇడిపోతయి. ఒక్కదానికి అనుమానమొచ్చి కాలుతోని నేల కొట్టిందంటే అన్ని ఉరుకుతయి."

అన్ని జీవాలకు ఒక్క మనిషి దొరకలేదా అని ఆయనకు ఆస్ట్రేలియా మీద కోపం వచ్చింది. ఒకనాటి వీడియోలో అడవికుక్క ఒక తల్లి కంగారూను తరుముతుంది. తల్లి సంచి వదులైపోయి పిల్ల కింద పడిపోతుంది. తల్లి ఆగదు. కాకా ఫోన్ నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. రెండు రోజులు దొరసాని వైపు కూడా సరిగా చూడలేదు. మూడో రోజు తనే అన్నాడు. "తల్లి బతికితే మల్ల పిల్లయితది. తల్లే పోతే రెండూ పోతయి. లెక్క కరెక్టే. కని నా పానం ఒప్పుతలేదు."

మరుసటి సంవత్సరం జూన్‌లో పటేలు చచ్చిపోయింది. వయసు మీద పడిందని డాక్టరు చెప్పాడు. కాకా రెండు పూటలు తిండి ముట్టలేదు. అప్పటికి దొరసాని సంచిలో ఒక చిన్న పిల్ల ఉంది. మగది లేకపోతే మంద పెరగదు. చలికాలం వచ్చేసరికి ముదీర్ ఒక నిర్ణయానికొచ్చాడు. బర్కా దగ్గర ఒకరి ఫారంలో మగవి ఉన్నాయి, ఆడవన్నిటినీ జనవరి ఆఖరుకు లారీలో అక్కడికి పంపేద్దాం. కంగారూలు పోతే కాకాకు ఇక్కడ పనేముంది? అర్బాబ్‌కు దుక్మ్‌లో కట్టడాల కంపెనీ ఉంది, అక్కడి సైట్‌కు పంపుతాం.

దుక్మ్ ఆయన ఒకసారి నాతో పికప్‌లో వచ్చి చూశాడు. క్రేన్లు, ఇనుము, ఇసుక, వరసగా రేకుల క్యాంపు గదులు. తిరుగు దారిలో, "అన్ని ఉన్నయి గని పానమున్నది ఒక్కటి లేదు" అన్నాడు.

"మనుషులున్నరు గద కాకా?"

"మనుషులు ఎవల మేత వాల్లే జూసుకుంటరు. నేనేం జెయ్యాలె?"

లారీ రావడానికి పది రోజులుందనగా ఒక పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే కాకా ఉరికి వచ్చాడు. ఆయన ఉరకడం నేను చూడటం అదే మొదలు. కంచెల దగ్గర ఉరికితే జీవాలు బెదురుతాయని మమ్మల్ని తిట్టేది ఆయనే.

"దొరసాని ఈనింది."

"ఏమీనింది?"

"పిల్లను సారూ! నా కండ్లతోని జూసిన. వారం సంది పెద్ద పిల్లను సంచిలకు రానిస్తలేదు, తల వెడితే నూకుతాంది. నిన్నటి సంది సంచి నాకుతాంది, ఇల్లు అలికినట్టు. పొద్దుగాల తోక రెండు కాళ్ల నడుమకెల్లి ముందుకేసుకోని గోడకు ఒరిగి కూసున్నది. చిక్కుడుగింజంత పిల్ల. ఎర్రగ. కండ్లు లెవ్వు, కాళ్లు ఉన్నయంటే ఉన్నయి. చేతులతోని బొచ్చు వట్టుకోని పాక్కుంట పాక్కుంట పోయి సంచిల దిగింది. తల్లి జర సాయం సుత జెయ్యలే. దానికి తొవ్వ ఎవలు జూపిండ్రు సారూ?"

నేను నోరు పుక్కిలించి ఉమ్మి, నా డిగ్రీ బయటికి తీశాను. "కాకా, గీటి కడుపు నెల మీద రెండు మూడు దినాలు. పటేలు సచ్చి ఏడు నెలలాయె. ఎట్లయితది?"

"నాకేం ఎరుక? నేను జూసింది జెప్పిన. ఇప్పుడు లారీ ఎక్కిస్తే బెదిరి సంచి ఇడుస్తది. లోపలిది పడిపోతది. నువ్వు సూపియ్యలే?"

ఈ సంగతి ముదీర్‌కు చేరింది. ఆయన నన్ను పిలిచాడు. "నువ్వు దీని మీద చదువుకున్నావు కదా. మగది లేకుండా ఏడు నెలలకు పిల్ల పుడుతుందా?" అని హిందీలో అడిగాడు. నేను జేబులో చేతులు పెట్టుకుని, "పుట్టదు సార్" అన్నాను. "అనుకున్నాను. దుక్మ్ తప్పించుకోవడానికి కథ చెబుతున్నాడు" అన్నాడు ముదీర్.  నాకూ లోపల అదే అనుమానం. కానీ ఆ రోజు నోరు మూసుకుని నిలబడటం నేను చేసిన చవకబారు పనుల్లో ఒకటి. ఇప్పుడు తలుచుకున్నా చెవులు వేడెక్కుతాయి.

శుక్రవారం ముసలి అర్బాబ్ మజ్రాకు వచ్చాడు. తెల్లటి దిష్‌దాషా, అంటే మడమల దాకా దిగే అంగీ, చేతిలో సన్నటి ఒంటెల కర్ర. చిన్నతనమంతా ఎడారిలో మేకలు కాసిన మనిషి. కాఫీ తాగుతూ కొడుకు చెప్పిందంతా విని, కాకాను పిలిపించాడు. నన్ను మధ్యలో కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగాడు. "నీ కళ్లతో చూశావా?"

కాకా జవాబు చెప్పకుండా రూమ్‌కు వెళ్లాడు. పారిపోయాడేమో అనుకున్నాడు ముదీర్. గొంగడి పట్టుకుని తిరిగొచ్చి, అర్బాబ్ కాళ్ల ముందు పరిచి, మోకాళ్ల మీద కూర్చుని దాని మీద అరచెయ్యి పెట్టాడు.

"మా అవ్వ ఒడికిన ఉన్ని సాచ్చిగ, నేను కాసిన జీవాలు సాచ్చిగ జెప్తున్న. పిల్ల పుట్టింది, సంచిల దిగింది. అబద్ధమైతే నేను సచ్చిననాడు ఈ గొంగడి నా మీద కప్పద్దు."

తర్వాత నా వైపు తిరిగి, "మా కురుమోల్లల్ల గొంగడి ముట్టి అబద్ధం ఆడరని జెప్పు" అన్నాడు. చెప్పాను. 

అర్బాబ్ వంగి గొంగడి అంచును వేళ్ల మధ్య నలిపి చూశాడు. గొర్రెదా మేకదా అని అడిగాడు. నల్ల గొర్రెదన్నాడు కాకా. ఎవరు నేశారు? మా బాపు. మా అమ్మ కూడా వడికేది, మేక వెంట్రుకలు, అన్నాడు అర్బాబ్. కదురుకు అరబ్బీ మాట నాకు తెలియక తడబడుతుంటే, ఇద్దరూ ఒకేసారి తొడ మీద అరచెయ్యి రుద్ది కదురు తిప్పి చూపించారు. ఇక నా అవసరం లేకపోయింది. అరగంట సేపు ఉన్ని గురించీ, గొర్రెలకొచ్చే గాలికుంటు గురించీ, వాన తప్పిన ఏళ్ల గురించీ చేతులతోనే మాట్లాడుకున్నారు. ముదీర్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

చివరికి అర్బాబ్ లేచాడు. "జీవాల మధ్య బతికినవాడు పుట్టుక మీద అబద్ధం చెప్పడు. ఖర్జూరం కోతకొచ్చేదాకా ఆగండి. అప్పటికీ ఏమీ కనిపించకపోతే అవి బర్కాకు, ఇతను దుక్మ్‌కు."

మర్నాడు మేత అంగడిలో వరసలో నిలబడి ఫోన్‌లో వెతికాను. పావుగంటలో దొరికింది. పిల్ల పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే కంగారూ తల్లి మళ్లీ మగదానితో కలుస్తుంది. ఆ కొత్త పిండం ఒక చుక్కంత కాగానే పెరగడం ఆపేస్తుంది. సంచిలోని పెద్ద పిల్ల పాలు తాగుతున్నంత కాలం చిన్నది కడుపులో అట్లాగే ఆగి ఉంటుంది. పెద్దది సంచి వదిలే వేళకు మళ్లీ పెరగడం మొదలుపెట్టి పుడుతుంది. వానలు ఎప్పుడొస్తాయో తెలియని అడవిలో అవి నేర్చుకున్న ఏర్పాటు ఇది. దొరసాని పెద్ద పిల్ల సంచి వదిలింది జనవరిలోనే. అన్నీ సరిపోయాయి. మా సిలబస్‌లో ఈ పేరా ఉండే ఉంటుంది. నేను ఛాయిస్‌లో వదిలేసి ఉంటాను.

ఖత్ కట్టలు దించకుండానే కాకా దగ్గరికి వెళ్లి చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఆగుమంటే ఆగిందా కడుపుల?"

"ఆగింది."

"పెద్దది అర్ర ఖాళీ జేసేదాంక?"

"అవును కాకా."

"పటేలు పోయినంక సుత?"

"పటేలు పోయినంక సుత."

ఒంటికాలి మీద నిలబడి చాలాసేపు ఆలోచించాడు. "గీ ఉపాయం మా గొర్లకు దెల్వకపాయె" అన్నాడు. నేను తప్పయింది కాకా అన్నాను. "నువ్వు సదివింది నువ్వు జెప్పినవ్, నేను జూసింది నేను జెప్పిన. పో, ముదీర్‌కు జెప్పిరా" అన్నాడు. చెప్పాను. ముదీర్ నా ఫోన్ వైపు చూడను కూడా లేదు. "మొన్న పుట్టదన్నావు, ఇవాళ పుడుతుందంటావు. నువ్వూ ఆయనా ఒకే దేశం వాళ్లు కదా" అన్నాడు. నా డిగ్రీ విలువ అక్కడితో తేలిపోయింది.

ఇక ఎదురుచూపు. దొరసాని చుట్టూ కాకా కొత్త చట్టాలు పెట్టాడు. హారన్ కొట్టకూడదు. గేటు బయటే ఇంజిన్ ఆపాలి. అక్కణ్ణించి మేత కట్టలు నేను నెత్తిన మోసుకురావాలి. ముదీర్ దోస్తులు ఇసుకలో ఉరికే మోటారు బండ్ల మీద రేసులు పెడితే, ఈయన రెండు చేతులూ చాపి దారికి అడ్డం నిలబడ్డాడు. పెద్ద పిల్ల వచ్చి బయటి నుంచే సంచిలో తల దూర్చి పాలు తాగుతుంటే, "దాని రొమ్ము వేరే, దీని రొమ్ము వేరే. దాని పాలు వేరే, దీని పాలు వేరే. ఒక్క తల్లి, రెండు వంటలు" అని వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు.

మే నెలలో సంచి కొంచెం బరువెక్కింది. కొవ్వు అన్నాడు ముదీర్. చెట్ల మీద ఖర్జూరాలు పసుపు రంగుకు తిరిగాయి. కాకా చిక్కిపోయాడు. నిద్ర పట్టడం లేదని కళ్లే చెప్పేవి. ఒకే ప్రశ్న రోజుకోసారి అడిగేవాడు. "లోపల్నే సచ్చిపోతే మనకెట్ల ఎరుకైతది సారూ?"  ఆ భయం నాకూ పట్టుకుంది. ఆయన మాట నిలవాలని నేను అంతగా కోరుకుంటానని నేనే అనుకోలేదు.

జూలై మొదట్లో తోటలో కోత మొదలైంది. మనుషులు నడుముకు తాళ్లు కట్టుకుని చెట్లెక్కి గెలలు దించుతున్నారు. ముదీర్ లారీ డ్రైవరును వెంటబెట్టుకుని వచ్చాడు, కంచె గేటు వెడల్పు చూపించడానికి. పొద్దు దిగుతోంది. దొరసాని తన గుంటలో పక్కకు ఒరిగి పడుకుని ఉంది. మేం నలుగురం కంచె బయట నిలబడ్డాం.

సంచి కదిలింది. ముందు బయటికొచ్చింది తల కాదు, పాదాలు. రెండు పొడుగాటి పాదాలు ములక్కాడల్లా బయటికి చాపుకుని, గాల్లో తన్నుకుని, లోపలికి పోయాయి. లోపల ఏదో పెద్ద సర్దుబాటు జరిగింది. సంచి అటూ ఇటూ ఊగింది. తర్వాత మూతి వచ్చింది, ఒక చెవి వచ్చింది, రెండో చెవి మడతపడి ఇరుక్కుంది, అది కూడా వచ్చింది. నల్లటి కళ్లు ముదీర్‌ను చూశాయి.

నేను కాకా వైపు తిరిగాను. ఆయన పిల్లను చూడటం లేదు. ముదీర్ ముఖాన్నే చూస్తున్నాడు.

ముదీర్ ముందు నోరు తెరిచాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ముప్పై ఐదేళ్ల మనిషి కంచె పట్టుకుని ఎగురుతున్నాడు. తండ్రికి ఫోన్ చేసి అరిచాడు. లారీ డ్రైవరుకు ఖర్జూరాల గంప ఒకటి ఇచ్చి పంపేశాడు. కాకా దగ్గరికొచ్చి ఆయన తల మీద ముద్దు పెట్టుకుని, "మాఫ్ కరో చాచా" అన్నాడు. కాకా రుమాలు సర్దుకున్నాడు. నవ్వుతున్నాడు. నేను సిగ్గు లేకుండా ఏడ్చాను.

"ఇక దుక్మ్ మాట లేదు. బర్కా నుంచి మనమే ఒక మగదాన్ని తెప్పిద్దాం. నీకేం కావాలో అడుగు" అన్నాడు ముదీర్. నేను దాన్ని రెండింతలు దర్జాగా తెలుగులోకి మార్చి చెప్పాను.

"ఛుట్టీ గావాలె. ఇంటికి పోత" అన్నాడు కాకా.

ముదీర్ నా వైపు వింతగా చూశాడు. "ఏప్రిల్‌లోనే రెండేళ్లు నిండాయి. టికెట్ తీస్తామంటే తనే వద్దన్నాడు. వెళ్తే మళ్లీ రానివ్వమేమోనని భయపడ్డాడనుకున్నాను" అన్నాడు.

ఈ సంగతి నాకు తెలియదు, ముదీర్ అడిగినప్పుడు నేను మేతకు పోయి ఉంటాను. రూమ్ వైపు నడుస్తూ అడిగాను. "ఛుట్టీ ఎందుకు వద్దన్నవ్ కాకా? ఇంటికాడ ఏం పని లేకుండెనా?"

"ఉండె. మార్చిల మనుమడు పుట్టిండు. మొదటోడు."

నేను దారిలోనే ఆగిపోయాను. నాలుగు నెలలుగా ఒక్కరికీ చెప్పలేదు. "మనుమని మొకం సూడకుంట గీ దుంకుడు గొర్రె కోసం కూసున్నవా? నీకేమన్న పిచ్చా?" అని నిజంగానే అరిచాను.

ఆయన ఆగి, రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"మనుమడు పుట్టిండని జెప్పనీకి ఊరంత ఉన్నది సారూ. ఇది పుట్టిందని జెప్పనీకి నేనొక్కన్నే ఉంటి."